పాత ఇటుక చిమ్నీని విప్పి మళ్లీ కట్టడం

మంచు కురిసే ఊళ్లలో ఇటుక చిమ్నీ దాదాపు ఎప్పుడూ పైనుంచే పాడవుతుంది. వాన ఇంటి గోడను ఒక్క ముఖం మీదే తడుపుతుంది. కప్పు దాటి లేచిన చిమ్నీనైతే నాలుగు వైపులా, నెత్తిన కూడా తడుపుతుంది. సందుల్లో చేరిన నీళ్లు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. అమెరికాలో మేముండే పిట్స్‌బర్గ్‌లో ఒక్క చలికాలంలోనే ఇది ఎన్నిసార్లు జరుగుతుందో! 1920ల నాటి మా ఇంటి చిమ్నీ అలాగే పోయింది. కప్పు మట్టం దాకా విప్పి మళ్లీ కట్టాను. మా నాన్న తెనాలి దగ్గర తాపీమేస్త్రీ, సెలవుల్లో ఆయనకు ఇటుకలను అతికించే మాలు కలిపి అందించేవాణ్ణి. ఆ అలవాటుతోనే ఈ పనికి దిగాను. తాపీ పట్టిన అనుభవం లేనివాళ్లు, కప్పు బాగా వాలుగా ఉన్నవాళ్లు మేస్త్రీని పెట్టుకోవడమే మంచిది. అప్పుడు కూడా అతన్ని ఏం అడగాలో ఇది చదివితే తెలుస్తుంది.

ముందుగా విప్పాలా, పాయింటింగ్ (సందుల్లో కొత్త మాలు నింపడం) సరిపోతుందా తేల్చుకోండి. ఇటుకలు గట్టిగా ఉండి సందుల్లో మాలు మాత్రమే అరిగితే, గీకి తీసి పాయింటింగ్ చేస్తే చాలు. ఇటుకల ముఖాలు పెచ్చులుగా ఊడుతున్నా, చిమ్నీ ఒరిగినా, చేత్తో నెడితే పై వరసలు కదిలినా విప్పాల్సిందే. అటక మీదికి వెళ్లి టార్చ్‌తో కప్పు కింది భాగం కూడా చూడండి. అదీ పాడైతే పని చాలా పెద్దదవుతుంది.

మా చిమ్నీని చంపింది నీళ్లు మాత్రమే కాదు. పాత యజమానుల కాలంలో ఎవరో సందులన్నీ గట్టి సిమెంటుతో నింపారు. నేను చూసేసరికి ఇటుకల ముఖాలు అర ఇంచు లోపలికి తినేసి ఉన్నాయి, సిమెంటు గీతలు మాత్రం చెక్కుచెదరకుండా బయటికి పొడుచుకొచ్చాయి. ఆ కాలపు ఇళ్లలో మాలులో సున్నం పాలు ఎక్కువ. ఇటుకలో చేరిన తేమ ఆ మెత్తటి సందుల గుండా బయటికి పోయేది. ఆ దారి సిమెంటుతో మూసేస్తే తేమ ఇటుక ముఖంలోంచే రావాలి, గడ్డకట్టినప్పుడు ఆ ముఖాన్నే పగలగొడుతుంది. గానుగ సున్నంతో పని నేర్చుకున్న మా నాన్న, మాలు ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగానే ఉండాలనేవారు. పోతే సందు పోవాలి, ఇటుక పోకూడదు. సందును మళ్లీ నింపుకోవచ్చు.

అందుకే మాలు ఎంపిక దగ్గర తొందరపడొద్దు. అమెరికాలో మాలు రకాలకు అక్షరాలే పేర్లు: ఎస్ కంటే ఎన్, ఎన్ కంటే ఓ మెత్తన. గట్టిగా ఉంటుంది కదా అని టైప్ ఎస్ తెచ్చుకోకండి. కప్పు పైన, చలికి తట్టుకునే ఎస్‌డబ్ల్యూ గ్రేడు కొత్త ఇటుకతో కట్టాను కాబట్టి టైప్ ఎన్ వాడాను: 1 పాలు సిమెంటు, 1 పాలు సున్నం, 6 పాళ్లు ఇసుక. అటకలో వాన తగలని పాత మెత్తటి ఇటుకలకు టైప్ ఓ తో పాయింటింగ్ చేశాను. అందులో పాళ్లు 1, 2, 9.

పని మొదలుపెట్టే ముందు మునిసిపాలిటీలో పర్మిట్ సంగతి కనుక్కోండి. ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్, వాటర్ హీటర్ పొగ ఆ చిమ్నీ గుండానే పోతుంటే, పని జరిగినన్నాళ్లూ అవి ఆపి ఉంచాలి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో చూసుకోండి. వేసవిలో చిమ్నీ స్విఫ్ట్ అనే చిన్న పక్షులు లోపల గూడు పెడతాయి. గుడ్లో పిల్లలో ఉంటే ఆ గూటిని కదపకూడదు, 1918 నాటి వలస పక్షుల చట్టం ఒప్పుకోదు. అవి వెళ్లిపోయాక, చలి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగకముందు చేసుకోవాలి. మాకు సెప్టెంబరు సరైన నెల.

చిమ్నీకి నిచ్చెన ఆనించి పని చేయకండి. చుట్టూ పరంజా కట్టించండి, ఒళ్లంతా పట్టి ఉంచే హార్నెస్ వేసుకోండి. మాలు గీకేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చేటు, మంచి రెస్పిరేటర్ లేకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు. పొగగొట్టంలోకి ముక్కలు పడకుండా మూసి, పైనుంచి ఒక్కో ఇటుకా తీసి బకెట్లో కిందికి దించండి. కప్పు మీద పోగు పెట్టొద్దు. ఉలికి మాలు ఎదురు తిరిగే వరస దగ్గర ఆగండి.

చదరపు అడుగు ముఖానికి సుమారు 7 మాడ్యులర్ (మామూలు కొలత) ఇటుకలు పడతాయి, సందులతో కలిపి మూడు వరసలు 8 ఇంచులు. కట్టే ముందు ఇటుకను పరీక్షించండి. దాని మీద పావు డాలర్ నాణెం పెట్టి చుట్టూ గీత గీసి, ఆ గుండ్రంలో 20 చుక్కల నీళ్లు వేయండి. నిమిషంన్నరలోపే పీల్చేస్తే ఆ ఇటుకలకు దాహం ఎక్కువ, మాలులోని నీటిని లాగేసి అతుకును చెడగొడతాయి. వాటిని ముందురోజే తడిపి, పైతడి ఆరాక వాడండి. కలిపిన మాలు రెండున్నర గంటల్లో అయిపోవాలి.

ముందు మట్టి పొగగొట్టపు ముక్కను మంటను తట్టుకునే మాలుతో కూర్చోబెట్టి, లోపలి సందు నున్నగా తుడిచి, ఆ తర్వాత చుట్టూ ఇటుక కట్టుకుంటూ రండి. గొట్టానికీ ఇటుకకూ మధ్య ఖాళీని మాలుతో నింపకండి. వేడికి గొట్టం వ్యాకోచిస్తుంది, చోటు లేకపోతే పగులుతుంది. ఇంటి మధ్యనుంచి లేచే చిమ్నీకి చుట్టూ ఉన్న చెక్క 2 ఇంచుల దూరంలో ఉండాలి. ప్రతి వరసకూ రసమట్టం, ప్రతి మూలకూ తూకం గుండు. వేలితో నొక్కితే ముద్ర పడేంత గట్టిపడ్డాక సందులను లోపలికి వంపు వచ్చేలా రుద్దండి.

ఎత్తు లెక్క ఇదీ: కప్పు నుంచి బయటపడ్డ చోటికి కనీసం 3 అడుగులు, 10 అడుగుల దూరంలోపు కప్పు ఎక్కడున్నా దానికంటే 2 అడుగులు పైకి.

కప్పు కలిసేచోట మెట్లు మెట్లుగా రేకు ముక్కలు పెంకుల మధ్య దూరాలి, వాటిని పైనుంచి కప్పే రేకు ఇటుకల సందులోకి ఇంచు లోతున దిగాలి. తారు పూసి సరిపెట్టేవాళ్ల మాట వినకండి. కప్పు వాలుకు అడ్డంగా చిమ్నీ వెడల్పు 30 ఇంచులు దాటితే, వెనక నీళ్లు చీలిపోయేలా చిన్న వాలుకప్పు కట్టాలి.

నెత్తిన వేసే పలక చిమ్నీకి గొడుగు. మిగిలిన మాలుతో దాన్ని మెత్తి వదిలేయడం నేను చాలా ఇళ్ల మీద చూశాను, నాలుగు చలికాలాలు కూడా నిలవదు. కాంక్రీటుతోనే పోయండి. అంచు దగ్గర కూడా 2 ఇంచుల మందం, గోడ దాటి 2 ఇంచుల చూరు, చూరు కింద నీటిచుక్క తెగిపోయేలా గాడి ఉండాలి. గొట్టానికి అంటుకోకుండా మధ్యలో సందు వదిలి సాగే సీలెంట్ నింపండి. తడి గోనెసంచి, పైన పాలిథిన్ కప్పి మూడు రోజులు క్యూరింగ్ చేయండి. నెల గడిచాక, నీటిని ఆపుతూనే ఆవిరిని బయటికి పోనిచ్చే సిలాక్సేన్ అనే పూత పూయొచ్చు. పెయింటు మాత్రం వద్దు, తేమను లోపలే బంధిస్తుంది.

మంట పెట్టేముందు చిమ్నీలు శుభ్రం చేసే చిమ్నీ స్వీప్‌ను పిలిచి లోపలంతా కెమెరా దింపించండి. దాన్ని లెవెల్ 2 తనిఖీ అంటారు, ఆ పేరుతోనే అడగండి.