పానగల్ కట్ట మీద పిట్టలు చూడాలంటే

నల్లగొండ వాళ్లు పిట్టల కోసం అడవికి పోనక్కర్లేదు, పానగల్ ఉదయసముద్రం చెరువు చాలు. గడియారం సెంటర్ దగ్గర నాకు జిరాక్స్ షాపుంది. పది దాకా తెరవను కాబట్టి పొద్దుగాల కట్ట మీదే ఉంటా.

సూర్యుడు వీపు వైపు ఉండేలా కూర్చోండి. ఎదురెండలో తెల్లకొంగ కూడా నల్లగానే కనిపిస్తుంది. ఒక్కచోటే అరగంట కదలకండి. నడుచుకుంటూ పోతే ఎగిరిపోయే తోకలు తప్ప ఏమీ దొరకవు. బైనాక్యులర్ కొనేటట్టయితే 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) తీసుకోండి. రెట్లు పెరిగిన కొద్దీ చేతి వణుకూ పెరుగుతుంది.

ఇక్కడ క్యాలెండర్ కన్నా నీటిమట్టం చూడాలి. ఇది ఒట్టి వాన చెరువు కాదు. నాగార్జునసాగర్ నీళ్లు పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ మీదుగా వస్తాయి. నిండుగా ఉంటే నీటికాకులు, బుడుబుంగలు. నీళ్లు దిగి బురద తేలిందా, పొడుగుకాళ్ల పిట్టలన్నీ అంచుకు చేరతాయి. ఎండాకాలం ఆ బురదే నాకు పండుగ.

వానాకాలంలో గిజిగాడిని చూడండి, మిగతావి తర్వాత. నీళ్ల మీదికి వంగిన తుమ్మ కొమ్మో, ఈతచెట్టో వెతకండి. పసుపు నెత్తి మగపిట్ట గడ్డి ఆకు అంచును ముక్కుతో కొరికి, ఎగురుతూనే పొడుగ్గా చీల్చుకుపోతుంది. ఆ పోచతో ముడి వేస్తుంది, లాగుతుంది, మళ్లీ వేస్తుంది. గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి లోపలా బయటా చూసుకుంటుంది. నచ్చితేనే కింద గొట్టం కడతాడు. సగంలో ఆగి వేలాడే గూళ్లు చాలావరకు సంబంధం కుదరనివే!

బతుకమ్మ అయ్యాక వలస బాతులు దిగడం మొదలవుతుంది, మార్చి దాకా ఉంటాయి. వాటి మధ్య నల్ల ఒంటికి తెల్ల నొసలున్నది బొల్లికోడి, బాతు కాదు. కొత్తవాళ్లందరూ అక్కడే పొరబడతారు.

ఎండాకాలం గులకనేల మీద నడిచేటప్పుడు తీతువు నెత్తిమీద తిరుగుతూ అరిస్తే, అపశకునమని తిట్టకండి. గుడ్లు మీ కాళ్ల దగ్గరే ఉండొచ్చు. అవి రాళ్ల రంగులోనే ఉంటాయి, వెతకబోతే తొక్కేస్తారు. వచ్చిన దారినే వెనక్కి రండి.

చూసినవి ఆ రోజే రాసుకోండి: తేదీ, పిట్ట, నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో. ఆదివారం మాత్రం వద్దు, సెల్ఫీల జనమే ఎక్కువ.