అమ్మానాన్నలకు అమెరికా గ్రీన్ కార్డు: ఇమ్మిగ్రేషన్ లాయరుతో పని ఎలా చేయించుకోవాలి?

హెచ్-1బీ వీసాకు లాయరును కంపెనీయే పెట్టుకుంటుంది. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తీసుకోవాలనుకున్నప్పుడు మాత్రం ఆ లాయరును మనమే వెతుక్కోవాలి. ఫారాలు నింపడం ఇందులో చిన్న పని. పల్లెల్లో పుట్టి, ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా పేరు నమోదైన పెద్దవాళ్ల పత్రాలన్నీ ఒకే మాట చెప్పేలా చూడడమే లాయరు చేసే అసలు మేలు.

మొదట మీ అర్హతను సరిచూసుకోండి. తల్లిదండ్రుల కోసం దరఖాస్తు చేయాలంటే మీకు 21 ఏళ్లు నిండి, అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే చాలదు. గ్రీన్ కార్డు వచ్చిన 5 ఏళ్లకు, అమెరికా పౌరులైన జీవిత భాగస్వామితో కలిసి ఉంటున్నవారైతే 3 ఏళ్లకు, ఎన్-400 ఫారం ద్వారా పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. పౌరుల తల్లిదండ్రులకు ఏటా ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు కాబట్టి, తోబుట్టువుల కేటగిరీలో లాగా ఏళ్లకేళ్లు వరుసలో నిలబడాల్సిన పని ఉండదు.

తరువాత లాయరును ఎంచుకోండి. ఇమ్మిగ్రేషన్ చట్టం ఫెడరల్ చట్టం కనుక ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరైనా మీ కేసు చూడవచ్చు. ఆ రాష్ట్ర బార్ (లాయర్లకు లైసెన్సు ఇచ్చే సంస్థ) వెబ్‌సైటులో పేరు వెతికి, లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో చూడండి. ఫీజు ఎంత, అందులో ఏ పనులు కలిసి ఉన్నాయి, ప్రభుత్వ రుసుము వేరుగా కట్టాలా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. మీ తరఫున వాదించే లాయరు, తాను మీ ప్రతినిధినని తెలిపే జీ-28 ఫారంపై సంతకం చేసి దాఖలు చేస్తారు. ఆ సంతకానికి వెనుకాడే కన్సల్టెంటుకు, "వీసా గ్యారంటీ" అని మాటిచ్చేవారికి మీ కేసు అప్పగించకండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పత్రాలకు పడుతుంది. బంధుత్వాన్ని చూపే ఐ-130 అర్జీ అమ్మకు ఒకటి, నాన్నకు ఒకటి విడివిడిగా వేయాలి. ఒకరి అర్జీపై రెండోవారు రాలేరు. అమ్మ విషయంలో ఆమె పేరున్న మీ జనన ధ్రువపత్రం ప్రధాన ఆధారం. నాన్న విషయంలో దానికి తోడు వారిద్దరి వివాహ ధ్రువపత్రం కూడా కావాలి. చిక్కంతా ఇక్కడే వస్తుంది. పాత టెన్త్ మెమోల్లో చాలావాటిలో తండ్రి పేరే ఉంటుంది, తల్లి పేరు ఉండదు. అమ్మ పాస్‌పోర్టులో "లక్ష్మి", మీ జనన ధ్రువపత్రంలో "లక్ష్మమ్మ", ఒకచోట పుట్టింటి పేరు, మరోచోట అత్తింటి పేరు ఉంటాయి. మనకు ఇది మామూలు విషయమే అయినా, ఫైలు చూసే అధికారికి ఇద్దరు మనుషుల్లా కనిపించవచ్చు.

జననం నమోదు కాకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ నుంచి రికార్డు లేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి బడి రికార్డులను, మీ పుట్టుక గురించి స్వయంగా తెలిసిన పెదనాన్న, మేనత్త వంటి ఇద్దరు పెద్దవాళ్ల అఫిడవిట్లను జతచేయాలి. ఆ అఫిడవిట్లో తమకు ఆ విషయం ఎలా తెలుసో, అప్పుడు తాము ఎక్కడ ఉన్నారో రాయించడం మంచి లాయరు పద్ధతి. ఎవరికైనా సరిపోయే నాలుగు వాక్యాల నమూనాకు పెద్దగా విలువ ఉండదు. ఈ మధ్యే నమోదు చేయించిన జనన ధ్రువపత్రం ఒక్కటే పంపితే అదనపు ఆధారాలు అడిగే అవకాశం ఎక్కువ కాబట్టి, వాటిని ముందే జతచేయడం మేలు.

గతంలో వీసా తిరస్కరణ, గడువు దాటి ఉండడం, పోలీసు కేసు వంటివి ఏవి ఉన్నా లాయరుకు దాచకుండా చెప్పండి. మీరు చెప్పింది గోప్యంగానే ఉంటుంది. కాన్సులేటులో మాత్రం పాత విజిటర్ వీసా దరఖాస్తులో రాసిన వివరాలు అధికారి ముందే ఉంటాయి.

ఆపై ఐ-864 ఆర్థిక హామీ పత్రం. అమ్మానాన్నలను కూడా కలుపుకొని లెక్కించిన మీ కుటుంబానికి, అమెరికా ప్రభుత్వం ప్రకటించే పేదరిక మార్గదర్శక పరిమితిలో కనీసం 125 శాతం ఆదాయం ఉండాలి. తగ్గితే మరొకరు ఉమ్మడి హామీదారుగా నిలవవచ్చు. సంతకం చేసేముందు ఆ బాధ్యత ఎంతకాలం ఉంటుందో లాయరును అడిగి తెలుసుకోండి.

భారతదేశంలో ఉన్న తల్లిదండ్రులకు వైద్య పరీక్ష తరువాత ఇంటర్వ్యూ సాధారణంగా ముంబయిలోని అమెరికా కాన్సులేటులో జరుగుతుంది. సాధారణంగా లాయరు పక్కన ఉండరు కాబట్టి, ఫారాల్లో రాసినవి వాళ్లకు ముందే తెలుగులో చదివి వినిపించాలి.

గ్రీన్ కార్డు వచ్చాక ఆరు నెలలు దాటి ఊళ్లో ఉండిపోతే తిరిగి వచ్చేటప్పుడు ప్రశ్నలు వస్తాయి. ఏడాది దాటే అవసరం ఉంటే, అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కు (తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతికి) దరఖాస్తు చేయాలి. 5 ఏళ్ల తరువాత వాళ్లూ పౌరసత్వం కోరవచ్చు గానీ, అది తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారతీయ మూలాలవారికి భారత ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకున్నా కొత్తగా వ్యవసాయ భూమి కొనడం కుదరదు. పొలమున్న కుటుంబాలు ఆ నిర్ణయానికి ముందు ఊళ్లోని లాయరుతో కూడా మాట్లాడాలి.