పిట్ట కాలికి కట్టిన దారం: వైరాగ్యం ఇంట్లోనే ఎలా మొదలుపెట్టాలి

వైరాగ్యం అనగానే అది మఠాల్లో ఉండే సిస్టర్లకీ ఫాదర్లకీ సంబంధించిన మాట అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తెల్లారేసరికి మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరిచెట్లు పడగొట్టేసి పోయాక గానీ తెలియలేదు, రోజూ జపమాల పట్టుకుని "ప్రభువా, నువ్వే దిక్కు" అంటున్నా నా ధైర్యమంతా ఆ తోట మీదే ఉందని.

పెద్ద త్యాగాలతో మొదలుపెట్టకండి. స్పెయిన్‌లో కార్మెల్ అనే కతోలిక సన్యాసుల సభలో గురువైన పునీత సిలువ యోహాను గారు (1542–1591) ఒక మాట చెప్పారు: పిట్ట కాలికి సన్న దారం కట్టినా లావు తాడు కట్టినా, అది తెగేదాకా పిట్ట ఎగరలేదు. ముందు మీ దారం ఏదో వెతకాలి. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు కూర్చుని, ఈ రోజు కోపం ఎక్కడ వచ్చింది, టెన్షన్ ఎక్కడ పట్టుకుంది అని చూసుకోండి, చాలాసార్లు దారం అక్కడే దొరుకుతుంది. పొలం గట్టు తగాదా కావచ్చు, చర్చిలో పండుగ పూజలో పాట మీకివ్వకపోవడం కావచ్చు, విశాఖలో ఉన్న కొడుకు ఫోన్ చేయకపోవడం కావచ్చు. కొడుకు మీద ప్రేమ చంపుకోమని కాదు. "ప్రభువా, వీడు నీవాడు, నాకు అప్పగించావు, నేను చూసుకుంటాను" అని చెప్పి గుప్పిట తెరవడం, అంతే. మొదట్లో నోరే అంటుంది, మనసు అనదు. ఫర్వాలేదు, అనండి. నెల రోజులు ఒక్క దారాన్నే పట్టుకోండి, నాలుగైదు ఒకేసారి పట్టుకుంటే ఏదీ తెగదు.

వినయం గురించి మనలో చాలా పొరపాటు ఉంది. బాగా పాడేవాళ్లు "నాకేం రాదండీ" అంటే అది వినయం కాదు. వినయమంటే సత్యంలో నడవడమే అని అదే కార్మెల్ సభ సిస్టర్, పునీత అవిలాపురి తెరేసమ్మ గారు (1515–1582) చెప్పారు. గొంతు దేవుడిచ్చాడు, కాబట్టి పాడాలి, తర్వాత ఎవరో మెచ్చుకున్న మాటను ఇంటికొచ్చి పదేపదే నెమరేసుకోకూడదు. ఒక వారం ఇలా చేసి చూడండి: ఎవరైనా మీ తప్పు చూపిస్తే వెంటనే "అసలేం జరిగిందంటే" అని మొదలెట్టకండి. నా దృష్టిలో తపస్కాలపు (ఈస్టర్‌కి ముందు నలభై రోజుల) ఉపవాసం కన్నా ఇదే కష్టం. (ఇంట్లో కొట్టడం, హింస లాంటివి మాత్రం మౌనంగా భరించకండి, అవి బయటికి చెప్పి తీరాల్సినవే.)

ఇక దేవునితో ఐక్యత. అది మనం తెచ్చుకునేది కాదు, ఆయనిచ్చేది. మనం దేవుళ్లమైపోతామనీ కాదు, మనం మనుషులుగానే ఉండి ప్రేమలో ఆయనతో ఒకటవుతాం. దీనికి యోహాను గారు కట్టె, నిప్పు పోలిక చెప్పారు. పచ్చి జీడికట్టె పొయ్యిలో పెట్టినవాళ్లకి అది ఇట్టే అర్థమవుతుంది: ముందు చెమ్మ కక్కుతుంది, పొగ చిమ్ముతుంది, నల్లబడుతుంది, చివరికి కట్టే నిప్పవుతుంది. ప్రార్థనలో ఏమీ అనిపించని రోజులు, మన లోపలి మురికి మనకే కనబడి ఏడుపొచ్చే రోజులు ఆ పొగ లాంటివే కావచ్చు. అప్పుడు లేచిపోకండి. పొద్దున్నే ఇరవై నిమిషాలు యేసు నామం మెల్లగా అనుకుంటూ కూర్చోండి, మనసు ఎటో పోతే తిట్టుకోకుండా తిరిగి రండి. వీలైనన్నిసార్లు పూజకి వెళ్లి, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకున్నాక వెంటనే బయటికి రాకుండా కాసేపు ఉండండి. ఆ ఏడుపు నెలల తరబడి వదలకపోతే మీ విచారణ (మీ ఊరి చర్చి) ఫాదర్ గారితో మాట్లాడండి, డాక్టర్ అవసరమైతే డాక్టర్ దగ్గరికీ వెళ్లండి.

మా వైపు కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు చాలా. అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లాల్సిన రోజు ఆ ఇరవై నిమిషాలు కుదరలేదని బాధపడకండి. జబ్బుపడ్డ సోదరికి అవసరమైతే ప్రార్థన వదిలేసి వెళ్లమని తెరేసమ్మ గారే తన మఠంలో వాళ్లకి చెప్పారు. బస్సులో అమ్మ నిద్రపోయాక పది మంగళవార్త జపాలు (మరియమ్మ గారి ప్రార్థన) చెప్పుకోండి, మధ్యలో ఆమె లేచి మంచినీళ్లడిగితే ఆపేసి, డాక్టర్ చెప్పిన కొలత మించకుండా ఇవ్వండి.