థ్రెడ్ సర్వర్లు, సాకెట్లు – 4వ పాఠం: క్లోజ్-వెయిట్‌లో చిక్కుకున్న కనెక్షన్లు

పోయిన పాఠంలో ఒక్కో క్లయింటుకి ఒక్కో థ్రెడ్ కేటాయించే సర్వర్‌ని పైథాన్‌లో రాసి, లినక్స్ మీద 9000 పోర్టులో నడిపాం. అది వచ్చిన సందేశాన్ని చదివి లాగ్‌లో రాస్తుంది, అంతే. అలాంటి సర్వర్ కొన్నాళ్లు బాగానే నడిచి, ఒకరోజు "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" (ఎర్రర్ నంబరు 24) అంటూ కొత్తవాళ్లను రానివ్వదు. వెంటనే యూలిమిట్‌ని (ఒక ప్రాసెస్ ఎన్ని ఫైళ్లు తెరిచి ఉంచవచ్చో చెప్పే పరిమితి) 1024 నుంచి 65535కి పెంచేయాలనిపిస్తుంది. పెంచకండి. మూయకుండా వదిలేసిన కనెక్షన్ల లీకు అలాగే ఉంటుంది, సర్వర్ కూలే రోజు మాత్రం వాయిదా పడుతుంది.

ముందుగా, సాకెట్ల జాబితా చూపే ఎస్‌ఎస్ కమాండ్‌ని టి, ఎ, ఎన్, పి ఆప్షన్లతో, రూట్‌గా నడపండి. రూట్ కాకపోతే వేరే యూజర్ల ప్రాసెస్ పేర్లు కనిపించవు. వచ్చిన జాబితాలో టైమ్-వెయిట్ (ముగిసిపోయినా కెర్నల్ కాసేపు గుర్తుంచుకునే కనెక్షన్లు) వరసలు వందల్లో ఉన్నా కంగారు పడొద్దు. అవి 60 సెకన్లలో వాటంతటవే పోతాయి, పైగా మన ఫైల్ డిస్క్రిప్టర్లను (తెరిచిన ప్రతి ఫైలుకీ, సాకెట్‌కీ కెర్నల్ ఇచ్చే నంబర్లు) పట్టుకుని ఉండవు. మనం వెతికేది క్లోజ్-వెయిట్.

అవతలివాళ్లు ఫిన్ (ఇక పంపేదేమీ లేదని చెప్పే టీసీపీ సంకేతం) పంపారు, అందిందని మన కెర్నల్ జవాబిచ్చింది, మన ప్రోగ్రామ్ మాత్రం ఇంకా క్లోజ్ చేయలేదు. క్లోజ్-వెయిట్ అంటే ఇదే. దీనికి కెర్నల్‌లో గడువంటూ ఏదీ లేదు. టీసీపీ-ఫిన్-టైమౌట్ అనే సెట్టింగు ఎంత తగ్గించినా ఉపయోగం లేదు, అది ఫిన్-వెయిట్-2కి (మనం ముందే మూసి, అవతలివాళ్ల ఫిన్ కోసం ఎదురుచూసే స్థితి) సంబంధించింది. కీప్ఎలైవ్ పెట్టినా తీరదు. మామూలుగా 7200 సెకన్లు ఆగి అది అవతలి పక్కను పలకరిస్తుంది, అక్కడ కనెక్షన్ లేదని తేలితే మన సాకెట్ ఎస్‌ఎస్ జాబితా నుంచి మాయమవుతుంది. డిస్క్రిప్టర్ మాత్రం ప్రోగ్రామ్ చేతిలోనే ఉండిపోతుంది. జాబితా చిన్నదయిందని లీకు ఆగిందనుకోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద ఉండే ఎఫ్‌డి ఫోల్డర్‌లో ఎంట్రీలు లెక్కపెడితేనే నిజం తెలుస్తుంది.

ఇక అసలు ఆధారం ఎస్‌ఎస్ జాబితాలోని రిసీవ్-క్యూ అనే కాలమ్. వచ్చి చేరినా మన ప్రోగ్రామ్ ఇంకా చదవనిది ఎంతో అది చెబుతుంది. చాలామంది దీన్ని దాటేసి నేరుగా కోడ్‌లోకి దూకుతారు. ముందు ఇక్కడ ఆగండి, సగం వెతుకులాట తప్పుతుంది.

క్లోజ్-వెయిట్ వరసలో ప్రాసెస్ పేరే లేకపోతే, ఆ కనెక్షన్‌ని మన ప్రోగ్రామ్ ఇంకా యాక్సెప్ట్ చేయనే (కెర్నల్ క్యూ నుంచి తీసుకోనే) లేదు. క్యూలో నిలబడి విసిగిపోయి క్లయింట్ వెళ్లిపోయాడు. తప్పు థ్రెడ్లలో కాదు, యాక్సెప్ట్ లూప్ ఎక్కడో ఇరుక్కుంది.

ప్రాసెస్ పేరు ఉండి రిసీవ్-క్యూ 1 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, ఎవరూ ఆ సాకెట్‌ని చివరిదాకా చదవలేదు. ఆ ఒకటి ఫిన్‌దే, దానికీ ఒక సీక్వెన్స్ నంబరు ఖర్చవుతుంది. 518 కనిపిస్తే 517 బైట్ల డేటా, పైన ఫిన్ అని లెక్క. సాకెట్‌ని చదవాల్సిన థ్రెడ్ డేటాబేస్ జవాబు కోసమో, లాక్ కోసమో ఎదురుచూస్తోంది, లేదా ఎక్సెప్షన్‌తో ఎప్పుడో చచ్చిపోయింది.

రిసీవ్-క్యూ సున్నా ఉంటే, రెసీవ్ (సాకెట్‌ని చదివే కాల్) ఖాళీ బైట్లు తిరిగిచ్చింది, కనెక్షన్ ముగిసిందని మన కోడ్‌కి తెలిసింది, అయినా క్లోజ్ జరగలేదు.

తర్వాత థ్రెడ్ల సంఖ్య చూడండి. ప్రాక్‌లోనే స్టేటస్ ఫైల్‌లో "థ్రెడ్స్" అనే వరస ఉంటుంది. క్లోజ్-వెయిట్‌లతో పాటు అదీ పెరుగుతుంటే థ్రెడ్లు బతికే ఉన్నాయి, ఎక్కడో ఆగిపోయాయి. నడుస్తున్న పైథాన్ ప్రోగ్రామ్‌లోకి తొంగిచూసే పై-స్పై టూల్ డంప్ కమాండ్‌కి ప్రాసెస్ నంబరు ఇస్తే ఏ ఫంక్షన్‌లో, ఏ లైనులో ఆగాయో చూపిస్తుంది. జావాలో ఈ పని జెస్టాక్ చేస్తుంది. థ్రెడ్లు కొద్దిగా, సాకెట్లు బోలెడు ఉంటే థ్రెడ్లు పోయాయి, సాకెట్ ఆబ్జెక్టుని ఎవరో పట్టుకున్నారు. సీపైథాన్‌లో (మనం మామూలుగా వాడే పైథాన్) చివరి రిఫరెన్స్ పోగానే సాకెట్ మూసుకుంటుంది కాబట్టి, మొదట అనుమానించాల్సింది కనెక్షన్లను దాచుకునే లిస్టునో డిక్షనరీనో.

సరిచేయడం: థ్రెడ్ ఫంక్షన్ మొదటి లైనులోనే సాకెట్‌ని విత్ బ్లాకులోకి తీసుకోండి, డిక్షనరీ నుంచి తీసేసే పని ఫైనల్లీలో పెట్టండి. సెట్-టైమౌట్ 30 సెకన్లు ఇవ్వండి. అది ఆ ఒక్క సాకెట్‌కే వర్తిస్తుంది, డేటాబేస్ కనెక్షన్‌కి గడువు విడిగా పెట్టాల్సిందే.

ఒక జాగ్రత్త. రెసీవ్‌లో ఆగి ఉన్న థ్రెడ్‌ని లేపడానికి వేరే థ్రెడ్ నుంచి క్లోజ్ పిలవకూడదు. లినక్స్‌లో ఆ థ్రెడ్ లేవదు, కెర్నల్ కూడా ఆ రెసీవ్ ముగిసేదాకా సాకెట్‌ని వదలదు, అందుకే ఫిన్ కూడా వెళ్లదు. పైగా ఖాళీ అయిన డిస్క్రిప్టర్ నంబరు తర్వాతి క్లయింటుకి దక్కుతుంది, ఒకరి డేటా మరొకరి చేతికి పోయే ప్రమాదం ఉంది. దాని బదులు చదవడం, రాయడం రెండింటినీ ఆపేలా మన సాకెట్ మీద షట్‌డౌన్ పిలవండి. రెసీవ్ ఖాళీ బైట్లతో తిరిగొస్తుంది, క్లోజ్ చేసే పని ఆ సాకెట్ సొంత థ్రెడ్‌దే.

అభ్యాసం: విత్ తీసేసి, కనెక్షన్‌ని ఒక లిస్టులో చేర్చి, మొదటి రెసీవ్‌కి ముందు 300 సెకన్ల స్లీప్ పెట్టండి. ఎన్‌సి (నెట్‌క్యాట్) కమాండ్‌తో సర్వర్‌కి కనెక్ట్ అయి "నమస్తే" అని పంపి, కంట్రోల్-సి నొక్కండి. రిసీవ్-క్యూలో 20 కనిపించాలి: యూటీఎఫ్-8లో ఆ మాటకి 18 బైట్లు, ఎంటర్‌కి 1, ఫిన్‌కి 1. స్లీప్ ముగిశాక అది సున్నా అవుతుంది, క్లోజ్-వెయిట్ మాత్రం పోదు. అప్పుడు థ్రెడ్ల సంఖ్య ఎంతుందో చూసి, ఇది పై రకాల్లో దేనికి చెందుతుందో రాయండి. వచ్చే పాఠంలో ఫోర్క్ చేసిన చైల్డ్ ప్రాసెస్ సాకెట్‌ని పట్టుకునే కేసు.