మైక్రోవేవ్ ఇస్తున్నా అల్యూమినియం పొడి మంట పెరగట్లేదా? ఇవి చూసుకోండి

మన ఒడిశాలో జయపురం, రాయగడ, బరంపురం వైపు ప్రాజెక్టులు చేసే పిల్లలు పదేపదే అడిగే డౌట్ ఇది, మండే లోహపు పొడికి మైక్రోవేవ్ ఇస్తే మంట గట్టిపడాలి కదా, మాకెందుకు రావట్లేదు అని. ల్యాబ్‌లో సార్ పక్కనుండగా వేవ్‌గైడ్ (మైక్రోవేవ్‌ని నడిపించే లోహపు గొట్టం) మీద చేసేవాళ్ళ కోసమే రాస్తున్నా.

సమస్య: పవర్ ఆన్‌లోనే ఉంది, పొడి మాత్రం చల్లగానే ఉంది

కారణం: ప్రతి అల్యూమినియం రేణువు మీదా కొన్ని నానోమీటర్ల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర ఉంటుంది, మన దామన్‌జోడిలో నాల్కో అల్యూమినియం కంపెనీ వాళ్ళు పంచపట్‌మలి కొండ బాక్సైట్ ఖనిజం నుంచి తీసే తెల్లపొడి ఉంది చూశారా, సరిగ్గా అదే పదార్థం. చల్లగా ఉన్నప్పుడు అది మైక్రోవేవ్‌ని దాదాపు తీసుకోదు, లోపలి లోహమేమో 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పైపైన 2 మైక్రాన్ల లోతు కూడా ఎక్కనివ్వదు. అదే అల్యూమినా వేడెక్కేకొద్దీ ఎక్కువ తీసుకుంటుంది, 2072 డిగ్రీలు దాటి కరిగాక ఇంకా బాగా.

పరిష్కారం: ముందు మామూలుగా అంటించండి, మంట నిలబడ్డాకే మైక్రోవేవ్ ఇవ్వండి. కొలిమి దగ్గర తిత్తి చేసే పనే ఇక్కడ మైక్రోవేవ్ చేసేది, నిప్పు ముందే ఉండాలి.

ఇనుప పొడైతే వేరే లెక్క, అది మైక్రోవేవ్‌లోని అయస్కాంత ఫీల్డ్ వల్ల కూడా వేడెక్కుతుంది, 770 డిగ్రీలు దాటితే ఆ గుణం పోతుంది. అసలు లోహం మైక్రోవేవ్‌ని తిప్పికొడుతుంది కదా అంటారా, ముద్దగా ఉంటే నిజమే గానీ పొడి సంగతి అది కాదు, రాంచీలో పుట్టిన పదార్థ శాస్త్రవేత్త రుస్తుం రాయ్ టీమ్ 1999లోనే లోహపు పొడిని మైక్రోవేవ్‌లో సింటర్ చేసి (పూర్తిగా కరిగించకుండా వేడితో అతికించి గట్టిపరిచి) నేచర్ పత్రికలో చూపించారు.

సమస్య: మంట ఉంది, పవర్ ఉంది, తేడా మాత్రం లేదు. లేదా రోజుకో రిజల్ట్

మొదట చోటు చూడండి. అల పొడవు గాలిలో 12.2 సెంటీమీటర్లు, వేవ్‌గైడ్‌లో ఇంకా ఎక్కువ, అందులో ప్రతి సగం అల పొడవుకీ మైక్రోవేవ్ ఫీల్డ్ దాదాపు సున్నా అయ్యే చోటు ఒకటి వస్తుంది, మీ మంట అక్కడ కూర్చుంటే ఎంత పవర్ ఇచ్చినా వేస్టే. చివర ఉన్న షార్ట్‌ని (మైక్రోవేవ్‌ని వెనక్కి తిప్పికొట్టే లోహపు మూత) మెల్లగా జరిపి చూడండి.

తర్వాత మంటలో ఎలక్ట్రాన్లు. మంట వాయువులో మైక్రోవేవ్‌ని లాక్కునేది ఎక్కువగా అవే, సోడియం కొంచెం తగిలినా అవి బాగా పెరుగుతాయి, ఎందుకంటే సోడియం ఒక ఎలక్ట్రాన్ వదిలి అయాన్ అవ్వడానికి 5.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు, అల్యూమినియంకి 6 దాకా కావాలి. చేతి చెమట, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి, ఇవి కూడా పొడికి అంటుకుంటాయి. మంటలో పసుపు ఛాయ కనిపించిందంటే సోడియం ఉందని అనుమానించండి, స్పెక్ట్రోమీటర్‌లో 589 నానోమీటర్ల గీత చూసి తేల్చుకోండి. గ్లవ్స్ వేసుకోండి, పొడిని మూతబెట్టి ఉంచండి.

సమస్య: సర్రున స్పార్కులు, వెనక్కొచ్చే పవర్ పెరిగిపోతోంది

రేణువుల మధ్య గాలి బ్రేక్‌డౌన్ అవుతోంది, అంటే కరెంటు దాటేలా మారుతోంది. వెంటనే పవర్ కట్ చేసి, పవర్ వెనక్కి రాకుండా సరిచేసే ట్యూనర్ చూడండి. వెనక్కొచ్చే పవర్‌ని పక్కకి మళ్ళించే సర్క్యులేటర్, దాన్ని మింగేసే డమ్మీ లోడ్ లేకుండా అసలు మొదలెట్టొద్దు, మైక్రోవేవ్ పుట్టించే మాగ్నెట్రాన్ పోతుంది.

ఇంట్లో ఓవెన్ విప్పి చేద్దామని మాత్రం అనుకోకండి, దయచేసి. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత ఛార్జ్ మిగిలుంటుంది. సన్నటి అల్యూమినియం పొడి గాలిలో లేస్తే నిప్పురవ్వకే పేలుతుంది, అంటుకుంటే నీళ్ళు అస్సలు పోయొద్దు, హైడ్రోజన్ పుడుతుంది. బాగా ఆరిన ఇసుక బకెట్ చేతికందేలా పెట్టుకోండి, పొడి గాల్లోకి లేవకుండా మెల్లగా కప్పండి.