సర్క్యూట్ లెక్కలు చేతికి రావాలంటే

ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) రెండో ఏడాదిలో సర్క్యూట్స్ పేపర్ పోయేది చాలావరకు కిర్కాఫ్ సూత్రాలు (కరెంట్లు, వోల్టేజ్‌లు కూడే నియమాలు) రాక కాదు, ప్లస్ మైనస్‌లు తారుమారై, కోణాలు తప్పి. కావలసిన గణితం మూడొంతులు ఇంటర్ ఎంపీసీలో చదివిందే: మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, అవకలన సమీకరణాలు. కొత్తగా నేర్చుకోవాల్సింది లాప్లాస్ (అవకలన సమీకరణాలను మామూలు బీజగణితంగా మార్చే పద్ధతి), దానికి తొందర లేదు. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ ప్రవేశ పరీక్షతో నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లు మాత్రం సంకీర్ణ సంఖ్యలకు ముందే ఒక వారం పెట్టుకోవాలి.

మొదట నోడల్ పద్ధతి: వైర్లు కలిసే చోటు నోడ్, ఒక్కో నోడ్ వోల్టేజ్ కనుక్కోవడమే పని. ఈ సర్క్యూట్ బొమ్మ కాగితం మీద గీయండి. 20 వోల్టుల సోర్స్ నుంచి 2 ఓమ్‌ల రెసిస్టర్ ‘ఎ’ అనే నోడ్‌కు వస్తుంది. ‘ఎ’ నుంచి గ్రౌండ్‌కు 6 ఓమ్‌లు, ‘ఎ’ నుంచి ‘బి’కి 3 ఓమ్‌లు, ‘బి’ నుంచి గ్రౌండ్‌కు ఇంకో 6 ఓమ్‌లు. దానికి పక్కనే ‘బి’ నుంచి గ్రౌండ్‌కు 1 ఆంపియర్ లాగేసే కరెంట్ సోర్స్.

గుర్తుల గొడవ పోవాలంటే ఒకటే అలవాటు: ఏ నోడ్ దగ్గరైనా కరెంట్లన్నీ బయటికే పోతున్నాయని రాయండి. నిజానికి లోపలికి వచ్చేది ఉంటే ఆ కరెంట్ మైనస్‌లో వస్తుంది, అంతే. కింద ఎ, బి అంటే ఆ నోడ్‌ల వోల్టేజ్‌లు.

(ఎ − 20)/2 + ఎ/6 + (ఎ − బి)/3 = 0
(బి − ఎ)/3 + బి/6 + 1 = 0

రెండింటినీ 6తో గుణించి సర్దితే 3ఎ − బి = 30, −2ఎ + 3బి = −6. ఎ = 12 వోల్టులు, బి = 6 వోల్టులు. భిన్నాలతోనే ముందుకు పోయేవాళ్లు ఇక్కడే జారతారు, ముందు హారాలు తీసేయండి.

జవాబు రాగానే పేజీ తిప్పకండి. పవర్ సరిచూడండి. సోర్స్ నుంచి వచ్చే కరెంట్ (20 − 12)/2 = 4 ఆంపియర్లు, అంటే 80 వాట్లు ఇస్తోంది. ఖర్చు: 2 ఓమ్‌లలో 32, ‘ఎ’ కింది 6 ఓమ్‌లలో 24, 3 ఓమ్‌లలో 12, ‘బి’ కింది 6 ఓమ్‌లలో 6, కరెంట్ సోర్స్ తీసుకునేది 6. మొత్తం 80. సరిపోయింది.

అయితే ఈ పరీక్ష కూడా మోసం చేయగలదు. కరెంట్ సోర్స్ దిక్కు తిరగేసి రాశారనుకోండి, ఎ సుమారు 13.71, బి 11.14 వస్తాయి. అదే తిరగేసిన దిక్కుతో పవర్ లెక్కేస్తే 74కి 74 చక్కగా సరిపోతుంది! అందుకే సరిచూసేటప్పుడు దిక్కులను మీ సమీకరణంలోంచి కాకుండా బొమ్మలోంచి మళ్లీ చదవాలి. తర్వాత అదే లెక్కను మెష్ పద్ధతిలో (ఒక్కో వలయంలో తిరిగే కరెంట్ కనుక్కుంటూ) చేయండి. పది లెక్కలు ఒక్కోసారి చేసేకన్నా ఐదు లెక్కలు రెండు దారుల్లో చేయడం మేలు.

ఇక ఏసీ. ముందు కాలిక్యులేటర్‌లో కాస్ 60 కొట్టండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉంది, −0.95 వస్తే రేడియన్లలో ఉంది. హాల్లోకి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని ఇదే.

230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు 30 ఓమ్‌ల రెసిస్టర్, 127.3 మిల్లీహెన్రీల కాయిల్ సిరీస్‌లో పెట్టండి. కాయిల్ రియాక్టెన్స్ (ఏసీకి అది చూపే అడ్డంకి) 2π × 50 × 0.1273, అంటే 40 ఓమ్‌లు. రెండూ కలిసిన అడ్డంకి, అంటే ఇంపీడెన్స్, 50 ఓమ్‌లు, కోణం 53.13 డిగ్రీలు. కరెంట్ 4.6 ఆంపియర్లు. రెసిస్టర్ మీద 138 వోల్టులు, కాయిల్ మీద 184. కూడితే 322! సప్లై 230 కదా అని కంగారు పడొద్దు. రెంటికీ మధ్య 90 డిగ్రీల తేడా ఉంది, వర్గాలు కూడి మూలం తీస్తే 230 వస్తుంది. పవర్‌ను కూడా రెండు దారుల్లో చూడండి: 4.6 వర్గం × 30, లేదా 230 × 4.6 × 0.6. రెండూ 634.8 వాట్లే.

ట్యాన్ ఇన్వర్స్‌ను గుడ్డిగా నమ్మకండి. −3 + జె4 (జె అంటే −1 వర్గమూలం) కోణం అడిగితే 4 బై −3కి అది −53.13 చూపిస్తుంది. ఆ బిందువు ఉన్నది రెండో పాదంలో, అసలు కోణం 126.87. పోలార్ రూపంలోకి (పొడవు, కోణం) మార్చే బటన్ వాడితే ఈ తప్పు రాదు. కూడిక, తీసివేతలకు ఎక్స్, వై రూపం, గుణకార భాగహారాలకు పోలార్ రూపం తేలిక.

ట్రాన్సియెంట్స్‌లో, అంటే స్విచ్ వేశాక విలువలు మారే లెక్కల్లో, డీసీ సోర్స్‌తో ఒకే కెపాసిటర్ లేదా ఒకే కాయిల్ ఉంటే ఒక్క సూత్రం చాలు: చివరి విలువ + (మొదటి విలువ − చివరి విలువ) × ఇ ఘాతం (−టి/టౌ). చిక్కల్లా టౌలో ఉంది; కెపాసిటర్ ఉంటే అది రెసిస్టెన్స్ × కెపాసిటెన్స్. 10 వోల్టుల సోర్స్ నుంచి 20 కిలో ఓమ్‌లు, ఆ తర్వాత గ్రౌండ్‌కు 20 కిలో ఓమ్‌లు, దానికి సమాంతరంగా 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్. టౌ 2 సెకన్లు అనుకుంటారు చాలామంది. కెపాసిటర్ వైపు నుంచి చూస్తే, సోర్స్‌ను షార్ట్ చేశాక, రెండు రెసిస్టర్లూ సమాంతరమే: 10 కిలో ఓమ్‌లు, టౌ 1 సెకను. చివరి వోల్టేజ్ 5. ఖాళీ కెపాసిటర్ 1 సెకనుకు 3.16 వోల్టులకు చేరుతుంది.

చేత్తో చేశాకే సిమ్యులేటర్ తెరవండి. ఎల్‌టీస్పైస్ ఉచితంగా దొరుకుతుంది. అందులో గ్రౌండ్ పెట్టడం మరిస్తే ఫలితాన్ని నమ్మలేరు. విలువ పక్కన ‘ఎమ్’ అక్షరం, పెద్దదైనా చిన్నదైనా, దానికి మిల్లీయే. మెగా కావాలంటే ‘మెగ్’ అని మూడక్షరాలూ కొట్టాలి. కెపాసిటర్‌కు 1 పక్కన ‘ఎఫ్’ పెడితే ఫారడ్ అనుకోదు, ఫెమ్టో అనుకుంటుంది. మీ జవాబుకూ దాని జవాబుకూ పొంతన లేనప్పుడు ముందు ఈ అక్షరాలు చూసి, ఆ తర్వాత మీ కాగితం వెతకండి.