తోటకూర పప్పులో ఇనుము ఒంటికి పట్టాలంటే

పోయినేడు నా హిమోగ్లోబిన్ 9కి పడిపోయింది. వారానికి నాలుగుసార్లు తోటకూర పప్పు తింటున్నా ఇదేంటని టెన్షన్ పడ్డాను. తర్వాత తెలిసింది, చెయ్యి కడుక్కోగానే నేను తాగే టీ కూడా ఒక కారణమని.

ఆకుకూరలోని ఇనుము రక్తంలోకి వెళ్లేది ఎక్కువగా చిన్నపేగు మొదటి భాగంలోనే. అదీ కొంచెమే. టీలోని టానిన్లు దాన్ని పట్టేసుకుంటే పేగు గోడ పీల్చుకోలేదు. నిమ్మరసంలోని విటమిన్ సి మాత్రం ఇనుమును పేగు తీసుకోగలిగే రూపంలోకి మారుస్తుంది. గోడ దాటాక ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ దాన్ని మోసుకెళ్లి ఎముక మజ్జకు అందిస్తుంది. కొత్త ఎర్రకణాలు తయారయ్యేది అక్కడే.

కాబట్టి పప్పు దించాకే నిమ్మకాయ పిండండి. పొయ్యి మీద మరిగితే విటమిన్ సి తగ్గిపోతుంది. నిమ్మకాయ లేదా, జామకాయ కోసుకోండి. పోపులో నూనెకు మరీ భయపడకండి, ఆకులోని కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలి. టీ మాత్రం భోజనానికి గంట ముందో, గంటన్నర తర్వాతో. (మొదటి వారం నాకు తలనొప్పే!) డాక్టర్ ఐరన్ మాత్ర రాస్తే పాలతో వేసుకోవద్దు, నిమ్మనీళ్లతో వేసుకోండి.